నడిపేవాడు లేని బండి ఎక్కుతారా?



రాజమహేంద్రవరంలో కోటిపల్లి బస్టాండు దగ్గర గాని, రావులపాలెం సెంటరులో గాని ఓ పది నిమిషాలు నిలబడి, షేర్ ఆటో డ్రైవరు ఎన్ని పనులు చేస్తాడో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈసారి లెక్కపెట్టండి. ఊళ్ళ పేర్లు వరుసగా కేకవేసి జనాన్ని పిలుస్తాడు. ముసలమ్మ చేతిలోని సంచి అందుకుని కాళ్ళ దగ్గర సర్దుతాడు. ఆడపిల్ల ఎక్కితే, పక్కనున్న మగవాణ్ణి "మీరు ముందుకొచ్చి కూర్చోండి బాబూ" అంటాడు. చిల్లర లేదన్నవారికి "రేపిద్దురు లెండి" అంటాడు. కాలువ గట్టు మీద బాతుల మంద అడ్డం వస్తే ఆగుతాడు. రోడ్డుకు ఒక పక్కగా ధాన్యం ఆరబోసి ఉంటే, గింజ తొక్కకుండా రెండో పక్కనుంచి పోనిస్తాడు. ఇన్ని పనులలో బండి నడపడం ఒక్కటి మాత్రమే! చూశారా?

మరి ఆ డ్రైవరు సీటు ఖాళీగా ఉండి, బండి తనంత తానే వచ్చి మీ ముందు ఆగితే మీరు ఎక్కుతారా?

ఇటీవల తొమ్మిదో తరగతిలో చలన నియమాలు చెబుతూ ఈ ప్రశ్నే వేశాను. "అమ్మో, నేనెక్కనండి!" అంది ముందు బెంచీ అమ్మాయి. "తాగి నడిపేవాడి ఆటో కన్నా అదే నయం కదండీ" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. వెనక బెంచీలో ఒక కుర్రవాడు మాత్రం నవ్వలేదు. "అయితే మా నాన్న ఏం చేస్తాడు మాష్టారూ?" అన్నాడు. అతని తండ్రి షేర్ ఆటో నడుపుతాడు.

ఈ మూడు మాటలలోనూ నిజం ఉంది. మొదటిది భయం. రెండవది పోలిక. మూడవది బ్రతుకుతెరువు. శాస్త్రజ్ఞులు ఎంత గొప్ప యంత్రాన్ని తయారుచేసినా, ప్రజలు దానిని వాడాలా వద్దా అని నిర్ణయించుకునేది ఈ మూడింటిని బట్టే. కనుక మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

బండికి కళ్ళు ఎలా వచ్చాయి?

మనిషి బండి నడిపేటప్పుడు మూడు పనులు చేస్తాడు: చూస్తాడు, చూసినదానిని అర్థం చేసుకుంటాడు, దానికి తగినట్లు స్టీరింగునో బ్రేకునో వాడతాడు. యంత్రం కూడా ఈ మూడు పనులే చేయాలి.

చూడడానికి దానికి ముఖ్యంగా మూడు రకాల కళ్ళు ఉన్నాయి. ఒకటి కెమెరా. రెండవది రాడార్; ఇది రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటిని బట్టి ఎదుటి వస్తువు దూరాన్నీ వేగాన్నీ తెలుసుకుంటుంది. మూడవది లైడార్. గబ్బిలం కీచుమని ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని విని, చీకటిలో గోడ ఎంత దూరంలో ఉన్నదో తెలుసుకుంటుందని మీరు చదివారు. లైడార్ ధ్వనికి బదులు లేసరు కాంతిని పంపుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ముందున్న ఆవు 30 మీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. కాంతి వెళ్ళి రావడానికి 60 మీటర్లు ప్రయాణించాలి. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. 60ని 30 కోట్లతో భాగిస్తే సెకనులో 50 లక్షలవ వంతు! ఇంత స్వల్పకాలాన్ని కొలవగలిగితేనే ఆవు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. లైడార్ ఇలాంటి కొలతలను సెకనుకు లక్షల కొద్దీ చేసి, చుట్టూ ఉన్న వస్తువుల ఆకారాలను చుక్కలతో గీసినట్లు కంప్యూటరుకు అందిస్తుంది. తానెక్కడ ఉన్నదీ తెలుసుకోవడానికి ఉపగ్రహాల సంకేతాలు ఎలాగూ ఉన్నాయి.

చూడడం కాదు, అర్థం చేసుకోవడమే కష్టం. గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచికి బ్రేకు వేయనక్కరలేదు, కుక్కపిల్లకు వేయాలి. రెండూ కదిలేవే! రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం గోడా కాదు, గుంటా కాదు. దాని మీదుగా బండి పోగలదు, కాని పోకూడదు. అది రైతు కష్టమని మన డ్రైవరుకు తెలుసు. యంత్రానికి ఎవరు చెప్పాలి? ఎన్నో వేల దృశ్యాలు చూపించి "ఇది ఇది" అని నేర్పాలి. చూపించని దృశ్యం ఎదురైతే అది తడబడవచ్చు.

బ్రేకు లెక్క

ఇక రెండవ కుర్రవాని పోలిక సంగతి చూద్దాం. యంత్రానికి మనిషి కన్నా మెరుగైన గుణం ఏమైనా ఉన్నదా? ఉన్నది. దానిని మీ భౌతికశాస్త్రంతోనే చూపవచ్చు.

బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అంటే సెకనుకు 10 మీటర్లు. హఠాత్తుగా ఒక పిల్లవాడు అడ్డం వచ్చాడు. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద పెట్టడానికి 1 సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో బండి 10 మీటర్లు ముందుకు పోయింది. అప్పటికింకా బ్రేకు పడనే లేదు! తరువాత బ్రేకు పడి, వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గితే, బండి ఆగడానికి మరో 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు.

యంత్రానికి స్పందించడానికి 0.2 సెకను చాలుననుకుందాం. అప్పుడది 2 మీటర్లు పోయి, ఆ తరువాత 10 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 12 మీటర్లు. పిల్లవాడు 15 మీటర్ల దూరంలో ఉంటే ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పాలా?

కాని తొందరపడకండి. వేగం రెట్టింపై, గంటకు 72 కిలోమీటర్లు అయితే? మనిషికి 20 మీటర్లు, బ్రేకుకు 40 మీటర్లు, మొత్తం 60. యంత్రానికి 4, బ్రేకుకు 40, మొత్తం 44. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లయింది, గమనించారా? స్పందించే కాలాన్ని యంత్రం తగ్గించగలదు గాని జడత్వాన్ని తగ్గించలేదు. వానకు తడిసిన గట్టు రోడ్డు మీద ఘర్షణ ఇద్దరికీ తక్కువే. కంప్యూటరు ఉన్నా న్యూటన్ సూత్రాలు మారవు.

యంత్రానికి నిద్ర రాదు, కోపం రాదు, ఫోనులో మాట్లాడదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకు సుమారు 460 మంది! ఆ బండ్లను నడిపినది మనుషులే. కనుక "మనిషి ఉంటే చాలు, భయం లేదు" అనడం కూడా సరికాదు.

అయితే యంత్రం పొరపాటు చేయదా? చేస్తుంది. 2018 మార్చి 18వ తేదీ రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టెంపీ అనే పట్టణంలో, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఉబర్ సంస్థ వారి పరీక్ష కారు గుద్దింది. ఆమె మరణించింది. దర్యాప్తులో తేలినదేమిటంటే, కారు ఆమెను కొన్ని సెకన్ల ముందే చూసింది. కాని ఆమె ఏమిటో తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనమన్నది, ఒకసారి సైకిలన్నది. దాటే గుర్తు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చునన్న సంగతి దానికి నేర్పలేదు. పర్యవేక్షణకు కూర్చున్న మనిషి కూడా ఆ క్షణంలో రోడ్డు వైపు చూడలేదు. మన కోనసీమలో దాటే గుర్తు ఉన్నచోట దాటేవారెందరు? ఆలోచించండి!

మన దగ్గర ఎంతవరకు వచ్చింది?

బండి తనంత తాను నడవడంలో 0 నుండి 5 వరకు మెట్లున్నాయి. మన షేర్ ఆటో 0వ మెట్టు. అన్నీ మనిషే చేయాలి. నాల్గవ మెట్టులో, ముందే నిర్ణయించిన ప్రాంతం లోపల మనిషి లేకుండా బండి నడుస్తుంది. అయిదవ మెట్టు అంటే ఏ రోడ్డు మీదనైనా, ఏ వానలోనైనా నడవాలి. అది ఇంకా ఎవరికీ చిక్కలేదు.

నాల్గవ మెట్టు బండ్లు కొన్ని దేశాలలో తిరుగుతున్నాయి. అమెరికాలోని ఫీనిక్స్ నగర ప్రాంతంలో 2020 అక్టోబరు నుండి వేమో సంస్థ వారి కార్లను, డ్రైవరు లేకుండానే, ఎవరైనా పిలిపించుకుని ఎక్కుతున్నారు. అక్కడ ఉద్యోగాలు చేసే తెలుగువారు చాలామంది. మీ బంధువులెవరైనా ఉంటే ఉత్తరం వ్రాసి అడగండి.

మన తెలుగు నేల మీద కూడా ఈ పని జరుగుతున్నది. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో "టిహాన్" అనే కేంద్రం ఉన్నది. తనంత తాను నడిచే బండ్లను పరీక్షించడానికి అక్కడ ప్రత్యేకంగా కట్టిన రోడ్లను 2022 జూలైలో కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. 2025 ఆగస్టులో ఆ విద్యాసంస్థ ఆవరణలో డ్రైవరు లేని విద్యుత్ బస్సులు తిరగడం మొదలుపెట్టాయి. ఒక రకం 6 సీట్లది, ఇంకొకటి 14 సీట్లది. మన షేర్ ఆటోకు ఇవి దగ్గర చుట్టాలే!

పది వేలమందికి పైగా వాటిలో ప్రయాణం చేశారనీ, నూటికి 90 మంది బాగున్నదన్నారనీ ఆ సంస్థ తరఫున చెప్పినట్లు పత్రికలలో వచ్చింది. అయితే మన రాజమహేంద్రవరంలో కూడా నూటికి 90 మంది ఎక్కేస్తారని దీని అర్థమా?

కాదు. ఇక్కడే విజ్ఞానశాస్త్ర విద్యార్థి జాగ్రత్తగా ఉండాలి. ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం ముందు నిలబడి, వచ్చినవారిని "మీకు పూతరేకులు ఇష్టమా?" అని అడిగితే జవాబు ఏమొస్తుంది? అందరూ ఇష్టమేనంటారు. ఇష్టం లేనివారు ఆ దుకాణానికి రానేరారు! బస్సు ఎక్కినవారిని అడిగితే ఎక్కినవారి మాటే తెలుస్తుంది. భయపడి ఎక్కనివారి మాట అందులో ఉండదు. పైగా అక్కడివారు ఎక్కువగా సాంకేతిక విద్య చదివేవారు, చెప్పేవారు. అది కళాశాల ఆవరణ. లారీలు, బాతులు అడ్డం రావు. కాబట్టి ఆ లెక్క అబద్ధం కాదు. అది ఆ చోటికే చెల్లే లెక్క.

ఖాళీ సీటు అంటే ఎందుకు భయం?

కొత్త యంత్రాన్ని చూసి భయపడడం మనకే కాదు, అందరికీ జరిగిందే. ఇప్పుడు మనం లిఫ్టులో మీట నొక్కి ఒంటరిగా పైకి పోతున్నాం. పూర్వం లిఫ్టును నడపడానికి ఒక మనిషి ఉండేవాడు. తనంత తాను నడిచే లిఫ్టు వచ్చిన తరువాత కూడా జనం చాలాకాలం దానిని నమ్మలేదు. 1945 సెప్టెంబరులో న్యూయార్కులో లిఫ్టు నడిపేవారు సమ్మె చేసినప్పుడు పెద్ద పెద్ద భవనాలలో పనులు స్తంభించిపోయాయి. తరువాత లిఫ్టులలో ఆపే మీటలు, లోపలినుంచి మాట్లాడే ఫోన్లు పెట్టి, జనాన్ని నెమ్మదిగా అలవాటు చేశారు. ఢిల్లీ మెట్రోలో 2020 డిసెంబరు 28న ఒక మార్గంలో డ్రైవరు లేని రైలు మొదలైంది. జనం ఎక్కుతూనే ఉన్నారు. అయితే మెట్రో పట్టాల మీదికి ఆవు రాదు. రోడ్డు మీదికి వస్తుంది. ఆ తేడా మరువకూడదు.

ఒక కొత్త యంత్రాన్ని జనం ఎప్పుడు అంగీకరిస్తారని పరిశోధించినవారున్నారు. ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు 1989లో రెండు సంగతులు ముఖ్యమని చూపాడు: "ఇది నాకు ఉపయోగమా?", "దీనిని వాడడం నాకు తేలికా?" అప్పట్లో ఆయన చెప్పినది కంప్యూటర్ల గురించి. బండ్ల విషయంలో దానికి నమ్మకం కూడా కలపాలి. కంప్యూటరు చెడిపోతే పని ఆగుతుంది. బండి పొరబడితే ప్రాణం పోతుంది.

నలుగురూ కలిసి ఎక్కే బండి అయితే నమ్మకం రెండు రకాలుగా కావాలి. ఒకటి యంత్రం మీద, రెండవది పక్కన కూర్చునే మనిషి మీద. ట్యూషను ముగించుకుని చీకటి పడ్డాక ఇంటికి వెళ్ళే అమ్మాయిని తలచుకోండి. ముఖపరిచయం ఉన్న డ్రైవరు ఉంటే ఆమెకు ధైర్యం. కొన్నిచోట్ల ఆ డ్రైవరంటేనే భయం కావచ్చు. ఖాళీ బండిలో ముగ్గురు తెలియనివాళ్ళుంటే ఆమె ఎక్కుతుందా? అందువల్ల లోపల దీపం, కెమెరా, అందేచోట ఆపదమీట, అది నొక్కగానే పలికే మనిషి ఉండాలి. ఇవి లేకుండా లైడార్ ఎంత మంచిదైనా ఆ అమ్మాయికి బండి లేనట్లే.

"అయితే ఎవరి బండిలో వాళ్ళే పోతే సరి" అంటారా? 24 మంది 24 బండ్లలో వెళితే రోడ్డు నిండిపోతుంది. ఆరేసిమంది చొప్పున కలిస్తే 4 బండ్లు చాలు. డ్రైవరు లేని బండి ప్రతివాడికీ ఒకటి వస్తే, మనిషిని దింపి ఖాళీగా తిరిగివచ్చే బండ్లతో రద్దీ ఇంకా పెరుగుతుంది. కలిసి ప్రయాణించడానికి మనం ఇష్టపడినప్పుడే లాభం. కలిసి కూర్చోవడంలో మన జిల్లాలవారికి చాలాకాలపు అలవాటుంది. రేవులో పంటు ఎక్కి, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివారు అందరూ ఒకేసారి గోదావరి దాటిన నేల కదా ఇది!

ఆ కుర్రవానికి ఏం చెప్పాను?

ఇక మూడవ మాట మిగిలింది. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోను, మళ్ళీ 2023లోను, డ్రైవర్ల ఉపాధి పోతుంది గనుక డ్రైవరు లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని చెప్పారు. ఒక మంచి మార్పు ఒకరికి లాభమై, ఇంకొకరికి కష్టం కావడం మనం ఇక్కడే చూశాం. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. ఎందరో తల్లులకు, విద్యార్థినులకు మేలు జరిగింది. ఆటోలకు గిరాకీ తగ్గిందని డ్రైవర్లు మొరపెట్టుకున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఒక్కొక్క డ్రైవరుకు 15,000 రూపాయల సహాయం ఇచ్చింది. ఎదుర్లంక, యానాముల మధ్య బాలయోగి వారధి వచ్చాక అక్కడ పంటు మీద బ్రతికినవారు ఏం చేశారో మీ ఇంట్లో పెద్దలను అడగండి. వారధి వద్దని ఎవరూ అనరు. కాని బల్లకట్టు నడిపినవాని గురించి కూడా ముందుగా ఆలోచించడం న్యాయం.

ఆ కుర్రవానికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. "మీ నాన్నగారు రోజంతా చేసే పనులు వ్రాసుకుని రా. అందులో యంత్రం చేయగలిగినవి ఒక పక్క, చేయలేనివి ఒక పక్క వ్రాయి" అన్నాను. మర్నాడు తెచ్చాడు. స్టీరింగు, బ్రేకు, దారి తెలియడం ఒక పక్కన ఉన్నాయి. రెండో పక్కన ఉన్నవి చూడండి: "ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని దింపడం. ఆసుపత్రికైతే గుమ్మం దాకా తీసుకెళ్ళడం. డబ్బుల్లేకపోతే అరువు పెట్టడం. స్కూలు పిల్లలు రాకపోతే ఇంటికెళ్ళి కేకెయ్యడం."

రెండో పక్కే పొడుగ్గా ఉంది! తరగతిలో పైకి చదివి వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. "మీ నాన్న పనిలో యంత్రం తీసుకోగలిగినది కొంతే. మిగిలినదానికి ఎవరు జీతమిస్తారన్నది పెద్దవాళ్ళు తేల్చవలసిన ప్రశ్న. మీరు పెద్దయ్యాక ఆ పెద్దవాళ్ళు మీరే" అన్నాను.

మీరు చేసి చూడండి

మీ వీధిలో ఒక పరిశీలన చేయండి. 30 మందిని కలవండి. మీ స్నేహితులనే కాక రైతులను, కూలికి వెళ్ళే స్త్రీలను, ముసలివారిని, ఆటో డ్రైవర్లను కూడా అడగండి. ప్రశ్నలు ఇవి:

1. డ్రైవరు లేని ఆరు సీట్ల బండి మీ ఊరినుంచి టౌనుకు తిరిగితే పగలు ఎక్కుతారా?
2. అదే బండి రాత్రి 9 గంటలకు అయితే?
3. లోపల ఒక పర్యవేక్షకుడు కూర్చుంటే?
4. టికెట్టు ఆటోలో సగమే అయితే?
5. మీ పిల్లలను ఒంటరిగా ఎక్కిస్తారా?

ఆడవారి జవాబులను, మగవారి జవాబులను విడివిడిగా పట్టిక వేయండి. 1వ ప్రశ్నకు, 5వ ప్రశ్నకు వచ్చిన జవాబులను పోల్చండి. "ఎక్కుతాను" అన్నవారందరూ నిజంగా ఎక్కరని గుర్తుంచుకోండి. నోటి మాట వేరు, బండి మెట్టు మీద కాలు పెట్టడం వేరు. అడిగేటప్పుడు "ఇంత మంచి బండి ఎక్కరా?" అని ఊరించకూడదు, "అమ్మో, భయం లేదా?" అని బెదిరించకూడదు. ప్రశ్న వంకరగా ఉంటే జవాబూ వంకరగానే వస్తుంది.

పట్టిక పూర్తయ్యాక ఆఖరున మీ జవాబు కూడా వ్రాయండి. ఎక్కుతారా, ఎక్కరా అన్నది మీ ఇష్టం. ఎందుకన్నది మాత్రం తప్పక వ్రాయాలి.